దలైలామా అహింస టిబెట్‌ను విడిపించలేదు కదా, మరి ప్రపంచానికి దానివల్ల ఒరిగిందేమిటి?

చలికాలంలో మీ ఊళ్లో స్వెటర్ల దుకాణం పెట్టుకున్న ఒక టిబెటన్ మహిళతో మాటలు కలిసిన తరువాత మీకు ఈ సందేహం పుట్టిందని రాశారు. దలైలామా జీవితమంతా అహింసను పట్టుకుని నడిచారు, ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, ఏ దేశం వెళ్లినా సభలు నిండాయి. అయినా టిబెట్ చైనా పాలనలోనే ఉంది, ఆ మహిళ మాత్రం తన తల్లిదండ్రుల ఊరిని ఒక్కసారి కూడా చూడలేదు. అలాంటప్పుడు ఆ పోరాటానికి ప్రపంచస్థాయి ప్రాముఖ్యత ఉందనడం గౌరవం కొద్దీ చెప్పే మాటేనా, లేక అందులో వాస్తవమేమైనా ఉందా అన్నది మీ ప్రశ్న. నేను డిగ్రీ కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్లు రాజనీతిశాస్త్రం బోధించాను. విద్యార్థులను వెంటబెట్టుకుని కర్ణాటకలో బైలకుప్పేలోని టిబెటన్ స్థావరానికి మూడుసార్లు, సొంతంగా దలైలామా ఉండే హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల పట్టణానికి రెండుసార్లు వెళ్లాను. ఆ అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, వాస్తవం ఉంది. రాజ్యం, భూమి, సైన్యం అన్నీ పోగొట్టుకున్న ఒక జాతి ఎదుటివారిని ద్వేషించకుండా, చాలావరకు ఆయుధం పట్టకుండా మూడు తరాలపాటు తన భాషతో, తన ధర్మంతో, తన ఎన్నికలతో ఒక జాతిగా నిలబడగలదని ఈ పోరాటం చూపించింది. ఆ నిలబడడాన్ని తన ఒక్కడి మీద ఆధారపడనివ్వకుండా, అధికారాన్ని ఆ నాయకుడే స్వయంగా ప్రజలకు అప్పగించాడు. ఈ రెండూ కలిసి జరిగిన సందర్భాలు చరిత్రలో చాలా అరుదు. అయితే అడిగినది దక్కిందా అంటే దక్కలేదు. ధర్మశాల కేంద్రంగా నడిచే టిబెటన్ల ప్రవాస పాలనా వ్యవస్థను ఈనాటికీ ఏ దేశమూ అధికారికంగా ప్రభుత్వంగా గుర్తించలేదు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే ఈ విషయం సరిగా అర్థమవుతుంది.

మొదట ఒక అపోహను తొలగించాలి. టిబెటన్లు స్వభావరీత్యా శాంతమూర్తులు కాబట్టి అహింస వాళ్లకు తేలిగ్గా వచ్చిందని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1950 అక్టోబర్‌లో చైనా సైన్యం తూర్పు టిబెట్‌లోని చామ్‌దో పట్టణాన్ని పట్టుకున్నప్పుడు టిబెట్ సైన్యం చిన్నదైనా ఎదురు నిలిచి పోరాడింది. ఆ తరువాతి నెలలోనే, పదిహేనేళ్ల వయసులో, ఇప్పటి దలైలామా టెన్జిన్ గ్యాట్సోకు పూర్తి రాజ్యాధికారం అప్పగించారు. 1951 మే నెలలో బీజింగ్‌లో పదిహేడు అంశాల ఒప్పందం కుదిరిన తరువాత ఎనిమిదేళ్లపాటు ఆయన చైనా నాయకత్వంతో సర్దుకుపోవడానికే ప్రయత్నించారు. మావోను కూడా స్వయంగా కలిశారు. ఈలోగా తూర్పు ప్రాంతమైన ఖామ్‌లో సాయుధ తిరుగుబాటు చెలరేగింది. 1959 మార్చి 10న లాసా ప్రజలు దలైలామా వేసవి నివాసమైన నోర్బులింకా భవనాన్ని చుట్టుముట్టి తమ గురువును చైనా శిబిరానికి వెళ్లనివ్వకుండా ఆపారు. మార్చి 17 రాత్రి ఆయన మారువేషంలో బయలుదేరినప్పుడు దారిలో కాపలా కాసింది తుపాకులు పట్టిన ఖంపా (ఖామ్ ప్రాంతపు) యోధులే. మార్చి 31న ఆయన మన దేశంలో అడుగుపెట్టారు. ఆయన వెనుక దాదాపు 80,000 మంది హిమాలయాలు దాటి వచ్చారు.

ఆ సాయుధ పోరాటం అక్కడితో ఆగలేదు. నేపాల్‌లోని ముస్తాంగ్‌ను స్థావరంగా చేసుకుని, అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ సహాయంతో, టిబెటన్ గెరిల్లాలు 1970ల దాకా పోరాడారు. అమెరికా చైనాకు దగ్గరయ్యాక ఆ సహాయం ఆగిపోయింది. 1974లో నేపాల్ సైన్యం వాళ్లను చుట్టుముట్టబోతున్నప్పుడు దలైలామా తన గొంతును టేపు మీద రికార్డు చేయించి పంపారు. ఆయుధాలు దింపమని అందులో కోరారు. కొండ శిబిరాల్లో ఆ టేపు విన్న యోధులు ఏడ్చారు, గురువు మాట కాదనలేక ఆయుధాలు అప్పగించారు, వారిలో కొందరు ఆ బాధ భరించలేక ప్రాణాలు తీసుకున్నారు. అహింస గురించి పాఠం చెప్పినప్పుడల్లా నేను ఈ సంఘటనతోనే మొదలుపెట్టేవాణ్ని. తరగతిలో ఒకప్పుడు ఒక విద్యార్థి లేచి, అయితే ఆయన తన వాళ్లకే అన్యాయం చేసినట్టు కాదా అని అడిగాడు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేకపోయాను. అహింసకు ఎప్పుడూ ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు, ఆ మూల్యం ముందుగా స్వజనం మీదే పడుతుంది. అది తెలిసి కూడా ఆ దారినే ఎంచుకున్న నాయకుడిని అంచనా వేసేటప్పుడు ముస్తాంగ్‌ను మరచిపోకూడదు.

ఆయన ఎందుకు ఆ దారినే పట్టుకున్నారు? రాజకీయ కారణం స్పష్టంగానే ఉంది. అరవై లక్షల మంది టిబెటన్లు అంత పెద్ద రాజ్యంతో ఆయుధాలతో తలపడితే మిగిలేది నాశనమే. కానీ ఈ ఒక్క కారణమే అయితే అది నిస్సహాయుడి ఉపాయం అవుతుంది, బలం వచ్చిన రోజున మారిపోతుంది. ఆయన వాదన అంతకంటే లోతైనది, దాని వేళ్లు మన నేలలోనే ఉన్నాయి. కృష్ణా తీరంతో ముడిపడిన ఆచార్య నాగార్జునుడు ప్రతీత్యసముత్పాదాన్ని తన తత్త్వానికి కేంద్రంగా నిలిపాడు. ఏదీ తనంతట తాను నిలబడదు, ప్రతిదీ మరొకదాని మీద ఆధారపడి ఉంటుందన్నది దాని సారాంశం. దలైలామా దీన్నే రాజకీయాలకు అన్వయిస్తారు: టిబెటన్ల క్షేమమూ చైనా ప్రజల క్షేమమూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి, ఎదుటివాడి ఓటమి మీద కట్టుకున్న విజయం నిలవదు. ఆయన రాజకీయ విధానానికి టిబెటన్ భాషలో ఉన్న పేరు 'ఉమే లమ్', అంటే మధ్యమ మార్గం. నాగార్జునుడి మాధ్యమిక దర్శనానికి వాళ్లు వాడే మాట కూడా ఈ 'ఉమ'యే. దీనికి తోడు ప్రాచీన బౌద్ధాచార్యుడు శాంతిదేవుడు రాసిన బోధిచర్యావతారమనే గ్రంథంలోని క్షాంతి, అంటే సహనం, అధ్యాయాన్ని ఆయన పదేపదే బోధిస్తారు. సహనాన్ని నేర్పగలిగేది శత్రువు ఒక్కడే కాబట్టి అతడు గురువుతో సమానమని అందులో ఉంది.

ఇది గ్రంథాల్లోని మాటగానే మిగిలిపోలేదు. చైనా కారాగారాల్లో పద్దెనిమిదేళ్లు గడిపి ధర్మశాల చేరిన ఒక వృద్ధ భిక్షువు గురించి దలైలామా తరచుగా చెబుతారు. జైలులో తనకు కొన్నిసార్లు పెద్ద ప్రమాదం ఎదురైందని ఆ భిక్షువు అంటే, ప్రాణాపాయం గురించి చెబుతున్నారేమోనని ఆయన అడిగారట. చైనీయుల పట్ల కరుణ కోల్పోయే ప్రమాదమని సమాధానం వచ్చింది. బైలకుప్పేలో మొక్కజొన్న పండించే ఒక పెద్దాయనను నా విద్యార్థులు, మీకు కోపం రాదా అని అడిగారు. వస్తుందని, రోజూ తెల్లవారుజామున జపానికి కూర్చునేది దాన్ని తగ్గించుకోవడానికేనని ఆయన చెప్పారు. కోపం లేదని చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ని కాదు.

గాంధీజీ అహింసతో దీన్ని పోల్చేటప్పుడు ఒక తేడాను గమనించాలి. గాంధీజీ శాసనోల్లంఘన పిలుపు ఇస్తే ఆ వార్త పత్రికల్లో వచ్చేది, లండన్ పార్లమెంటులో చర్చకు వచ్చేది, న్యాయస్థానంలో ఆయన తన వాదనను వినిపించగలిగేవారు. టిబెట్‌లో అలాంటి వెసులుబాటు ఏదీ లేదు. నాయకుడు ఒక దేశంలో, ప్రజలు మరో దేశంలో. మధ్యలో స్వతంత్ర పత్రిక లేదు, స్వతంత్ర న్యాయస్థానం లేదు. అందువల్ల ఇక్కడ అహింస ప్రధానంగా నిలబెట్టుకోవడమనే రూపం తీసుకుంది: భాషను, మఠాలను, వైద్యాన్ని, పాఠశాలలను నిలబెట్టుకోవడం. లాసా దగ్గరి సెరా, డ్రెపుంగ్, గాండెన్ మహావిహారాలు కర్ణాటకలోని బైలకుప్పేలో, ముండ్‌గోడ్‌లో మళ్లీ లేచాయి. 2008 తరువాత టిబెట్ లోపల 'లకర్' అనే పద్ధతి మొదలైంది. శుభవారంగా భావించే బుధవారం నాడు టిబెటన్ దుస్తులు ధరించి, టిబెటన్ ఆహారం తిని, ఇతర భాషల మాట కలపకుండా టిబెటన్‌లోనే మాట్లాడడం దాని నియమం. దుస్తులు కట్టుకున్నందుకు, మాతృభాష మాట్లాడినందుకు శిక్ష వేయడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

నేను స్వయంగా చూసిన ఒక సందర్భం చెబుతాను. 2006 జనవరిలో మన అమరావతిలో కాలచక్ర దీక్ష అనే టిబెటన్ బౌద్ధుల పెద్ద సామూహిక దీక్ష జరిగింది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో బోధించాడని టిబెటన్ సంప్రదాయం నమ్ముతుంది. మనం అమరావతి స్తూపమని పిలిచే చోటు వాళ్లకు అంతటి పుణ్యక్షేత్రం. కృష్ణ ఒడ్డున పొలాల్లో గుడారాల ఊరు వెలిసింది. లడఖ్, భూటాన్, మంగోలియాల నుంచి వచ్చినవారితో పాటు టిబెట్ లోపలి నుంచి వచ్చినవారు కూడా వేలల్లో ఉన్నారు. నేను కొద్ది రోజులు అక్కడే ఉండి చిన్న రేడియోలో అనువాదం వింటూ కూర్చున్నాను. ఒకనాటి ప్రసంగంలో దలైలామా, పండుగల్లో పులి, చిరుత తోళ్లను అంచులుగా కుట్టిన దుస్తులు ధరించడం గురించి మాట్లాడారు. ఆ చిత్రాలు చూసి తనకు సిగ్గుగా అనిపించిందని, ఆ అలవాటు మానుకోవాలని కోరారు. ధర్మోపన్యాసం మధ్యలో వచ్చిన ఒక పక్కమాటగానే నాకు అప్పుడు అనిపించింది.

కొన్ని వారాలకు వార్తలు వచ్చాయి. తూర్పు టిబెట్‌లో, ఆమ్దో ప్రాంతంలోని ఊళ్లలో, జనం కుప్పలుగా తోళ్లు తెచ్చి బహిరంగంగా తగలబెట్టారు. అవి చవకైన వస్తువులు కావు. ఒక్కో కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము వాటిలో ఉంది. ఆ మంటల్లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఒక్క నినాదమూ లేదు, చైనా చట్టం కూడా వన్యప్రాణులను రక్షించమనే చెబుతుంది. అయినా అధికారులు కలవరపడి కొందరిని నిర్బంధించారు. నాలుగున్నర దశాబ్దాలుగా దేశంలో లేని మనిషి, అప్పటి గుంటూరు జిల్లాలోని ఒక చిన్న ఊరి నుంచి చెప్పిన మాటకు హిమాలయాల అవతలి ప్రజలు తమ విలువైన ఆస్తిని తామే బూడిద చేసుకున్నారంటే, అక్కడ అసలు అధికారం ఎవరిదో అందరికీ కనబడిపోయింది. పాలితుల సమ్మతి లేకుండా పాలన సాగవచ్చు గాని దానికి గౌరవం దక్కదని నేను పాఠ్యపుస్తకాల నుంచి ఎన్నో ఏళ్లు చెప్పాను. అది నాకు పూర్తిగా అర్థమైంది ఆ వార్త చదివిన రోజునే.

ఇక ప్రపంచం మీద పడిన ప్రభావం. 1959, 1961, 1965లలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ టిబెట్ మీద తీర్మానాలు చేసి ఊరుకుంది. 1987 సెప్టెంబర్‌లో ఆయన అమెరికా చట్టసభ సభ్యుల ముందు అయిదు అంశాల శాంతి ప్రణాళికను ఉంచారు. టిబెట్‌ను శాంతిమండలంగా మార్చడం, అక్కడి ప్రకృతిని కాపాడడం, అణు వ్యర్థాలు పారబోయకపోవడం అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో స్వాతంత్ర్యపు కోరికను పక్కనపెట్టి, చైనాతో అనుబంధంగా ఉంటూ నిజమైన స్వపరిపాలనను కోరారు. 1989లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అది కొంతవరకు మహాత్మా గాంధీ స్మృతికి అర్పిస్తున్న నివాళి అని కమిటీ అధ్యక్షుడు ఆ సభలోనే చెప్పారు; గాంధీజీకి ఇవ్వని బహుమతిని ఆయన శిష్యుడని చెప్పుకునే ఒక భిక్షువుకు ఇచ్చారన్నమాట. అదే ఏడాది జూన్‌లో బీజింగ్‌లోని తియానన్మెన్ చౌరస్తా చుట్టుపక్కల నిరసనకారుల రక్తం పారింది, నవంబర్‌లో బెర్లిన్ గోడ కూలింది. చెకొస్లొవేకియాలో నిరాయుధ ప్రజా ఉద్యమం ద్వారా అధ్యక్షుడైన వాత్స్లావ్ హావెల్ 1990 ఫిబ్రవరిలోనే ఆయనను ప్రాగ్‌కు ఆహ్వానించారు. హావెల్‌కు, దక్షిణాఫ్రికాకు చెందిన డెస్మండ్ టుటుకు, దలైలామాకు మధ్య పెరిగిన స్నేహాన్ని నేను ముఖ్యమైనదిగా భావిస్తాను. ఒక నాటకకర్త, ఒక క్రైస్తవ ఆర్చిబిషప్, ఒక బౌద్ధ భిక్షువు ఒకే భాష మాట్లాడారు.

దీనికి మరో పార్శ్వం ఉంది. 2011లో టుటు ఎనభయ్యో పుట్టినరోజుకు రావడానికి దక్షిణాఫ్రికా ప్రభుత్వం దలైలామాకు సకాలంలో వీసా ఇవ్వలేదు. ప్రపంచ సంఘీభావంతో వర్ణవివక్షను ఓడించిన దేశమే ఇలా చేసిందంటే, వాణిజ్యం ముందు నైతిక గౌరవం ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది. బహుమతులు, సభలు, చప్పట్లు ఏ ప్రభుత్వ విదేశాంగ విధానాన్నీ పెద్దగా మార్చలేదు. 2002 నుంచి 2010 వరకు ఆయన ప్రతినిధులు చైనాతో తొమ్మిది విడతలు చర్చలు జరిపారు. ఆ తరువాత అవి ఆగిపోయాయి.

నా దృష్టిలో ఈ పోరాటంలో అన్నిటికంటే గొప్ప ఘట్టం నోబెల్ కాదు, 2011లో ఆయన అధికారాన్ని వదులుకోవడం. 1642లో అయిదవ దలైలామా కాలం నుంచి ఆ పీఠానికి రాజ్యాధికారం ఉంది. దాన్ని ఆయన ఒక్కరోజులో వదల్లేదు. 1960లోనే ప్రవాసంలో ప్రజాప్రతినిధుల సభ ఏర్పడింది. 1963 రాజ్యాంగ ముసాయిదాలో, మూడింట రెండు వంతుల ఓటుతో దలైలామా అధికారాలను తొలగించే నిబంధనను ఆయన పట్టుబట్టి పెట్టించారు. అప్పట్లో టిబెటన్లకే అది మింగుడుపడలేదు. 2001 నుంచి ప్రధాన కార్యనిర్వాహకుడిని ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. 2011 మార్చి 10న, తిరుగుబాటు వార్షికోత్సవం నాడు, ఆయన పూర్తిగా తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ప్రజలు, సభ ఎంత వేడుకున్నా ఒప్పుకోలేదు. విముక్తి కోసం పోరాడిన నాయకులు గెలిచాక కుర్చీ వదలని ఉదాహరణలు మనకు కొల్లలుగా తెలుసు. ఎదుటివారి బలప్రయోగాన్ని కాదన్న మనిషి తన సొంత అధికారపు బలాన్ని కూడా కాదనడం అహింసకు సహజమైన కొనసాగింపు అని నేను నమ్ముతాను.

కొన్ని జాగ్రత్తలు చెప్పకపోతే ఈ సమాధానం నిజాయితీగా ఉండదు. టిబెటన్లందరూ మధ్యమ మార్గాన్ని ఒప్పుకోరు. 1970లో ఏర్పడిన టిబెటన్ యూత్ కాంగ్రెస్ ఈనాటికీ 'రంగ్‌జెన్', అంటే సంపూర్ణ స్వాతంత్ర్యమే కోరుతుంది. 2008 మార్చిలో లాసా నిరసనలు హింసగా మారి సామాన్య చైనీయులు కూడా ప్రాణాలు కోల్పోయారు. హింస అదుపు తప్పితే తాను పదవి నుంచి తప్పుకుంటానని దలైలామా అప్పుడు హెచ్చరించారు. 2009 నుంచి టిబెట్ లోపల 150 మందికి పైగా తమను తాము తగలబెట్టుకున్నారు. ఇతరులకు హాని చేయలేదు కాబట్టి అది అహింసేనా, తన దేహం పట్ల హింస కాదా అన్న చర్చ ధర్మశాలలో చాలా బాధతో సాగుతుంది. ఆయన ఆ చర్యలను ప్రోత్సహించలేదు, వాటివల్ల ప్రయోజనం ఉంటుందా అని సందేహించారు. కాని చనిపోయినవారిని నిందించడానికి కూడా నిరాకరించారు. నేను ఈ విషయంలో ఏ తీర్పూ ఇవ్వలేను, తరగతి గదిలోనూ ఇవ్వలేదు.

మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. భారతదేశం ఆశ్రయం ఇచ్చింది కాబట్టే, మైసూరు రాష్ట్రం (నేటి కర్ణాటక) వంటివి వేల ఎకరాలు ఇచ్చాయి కాబట్టే ఈ నిలబడడం సాధ్యమైంది. అహింసాయుత పోరాటానికి నిలవడానికి చోటిచ్చే పొరుగువాడు కావాలి. ఆ చోటు దొరకని జాతులకు దలైలామా ఉదాహరణను చూపించి మీరూ అలాగే ఉండండి అని ఉపదేశించడం తగదు.

ఇప్పుడు పోరాటం వారసత్వం దగ్గరికి చేరింది. టిబెటన్ బౌద్ధంలో దలైలామా తరువాతి స్థానమైన పంచెన్ లామాగా 1995లో దలైలామా గుర్తించిన ఆరేళ్ల బాలుడిని కొద్ది రోజుల్లోనే అధికారులు తీసుకువెళ్లారు. ఆ బాలుడు మళ్లీ బయటి ప్రపంచానికి కనిపించలేదు. 2007లో చైనా ప్రభుత్వం లామాల పునర్జన్మలకు తన అనుమతి తప్పనిసరి అని ఉత్తర్వు ఇచ్చింది. 2025 జూలైలో, తొంభయ్యో పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు, దలైలామా పీఠం తన తరువాత కూడా కొనసాగుతుందని, తదుపరి దలైలామాను గుర్తించే అధికారం తన కార్యాలయానికి చెందిన గాడెన్ ఫోడ్రాంగ్ ట్రస్టుకే ఉంటుందని ఆయన ప్రకటించారు.

ఆ స్వెటర్ల దుకాణం ఆవిడ ఈ చలికాలం మళ్లీ వస్తే, వీలు చూసుకుని ఆమె గ్రీన్ బుక్ గురించి అడగండి. ప్రవాస టిబెటన్లు తమ పాలనా వ్యవస్థకు ఏటా స్వచ్ఛందంగా చెల్లించే సొమ్మును 'ఛత్రెల్' అంటారు. ఆ చెల్లింపు ఈ చిన్న పుస్తకంలో నమోదవుతుంది, ఓటు వేయడానికి కూడా ఇది కావాలి. వసూలు చేయడానికి పోలీసులు లేని, ఏ దేశమూ గుర్తించని ప్రభుత్వానికి ఒక స్వెటర్ల వ్యాపారి తన లాభంలోంచి ఎందుకు పన్ను కడుతోందో ఆమె మాటల్లోనే వింటే, మీ ప్రశ్నకు నాకంటే ఆమె బాగా సమాధానం చెబుతుంది.